వెనక్కి నడిచే వైపు

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి అద్దాలావిడ అంటారు. ఆవిడ మొగుణ్ణి ముత్యాలయ్య అంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వీధి తగిలించిన పేరు. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏం ఈయనకి!" అని ఎవరో ఓసారి విసుక్కున్నారు, అదే ఖాయమైపోయింది. ఆయన దానికీ ఏమీ అనలేదు. అంటే పేరుకి మచ్చ వచ్చేది కదా మరి.

వాళ్లది అద్దాలు కోసి బిగించే దుకాణం. ముందు గదిలో గోడ పొడుగునా చెక్క చట్రాల్లో నిలబెట్టిన అద్దాలు, వెనక గదిలో పాత కంబళి పరిచిన కోత బల్ల. ఆయన స్కేలు ఆనించి గీత గీసి, బల్ల అంచుకి జరిపి ఓ నొక్కు నొక్కితే అద్దం గీత వెంటే విడిపోతుంది, వెంట్రుకవాసి తేడా రాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. కోసిన అంచుల్ని తడిపి రాయితో రుద్దడం ఆవిడ పని. కోసినదాన్ని మోసుకెళ్లి బిగించడం ఇద్దరి పని.

మోయడం గురించి కాస్త చెప్పాలి, గొడవంతా అక్కడే ఉంది. పెద్ద అద్దాన్ని అంచు మీద నిలబెట్టి, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు ఎదురెదురుగా నిలబడి ఎత్తుతారు. ఒకరు ముందుకి నడిస్తే రెండోవాళ్లు వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేవాళ్లకి వీపు వెనక ఏముందో కనిపించదు. మెట్టుందా, గడప ఉందా, ఎవరో దారికడ్డంగా వదిలేసిన బకెట్టుందా, ముందుకి నడిచేవాళ్లే చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా వెనక్కి నడుస్తున్నది అద్దాలావిడ. ఇరవై రెండేళ్లుగా ముత్యాలయ్య చెప్పడు.

చెప్పడంటే అసలు చెప్పడు. బెల్లం కొట్టిన రాయిలా మొహం పెట్టి నడుస్తాడు. ఆవిడే ఆయన కళ్లు చూస్తూ, కనుబొమలు చూస్తూ, అడుగు నేలకి రాసుకుంటూ వెనక్కి వెళ్తుంది. ఆయన చూపు కిందకి దిగితే మెట్టు ఉన్నట్టు లెక్క. ఎడమకి తిరిగితే మలుపు ఉన్నట్టు లెక్క. మొగుడి మొహంలోకి అంతసేపు అంత శ్రద్ధగా చూసిన ఆడది ఈ భూమ్మీద ఇంకొకతె ఉండదు. అదేదో ప్రేమ అనుకుని పక్క దుకాణాల వాళ్లు మొదట్లో వేళాకోళం కూడా చేశారు.

"మెట్టుందని ఒక్క మాట చెప్పొచ్చుగా?" అనేది ఆవిడ దించాక, ఆయాసపడుతూ.

"అడగొచ్చుగా."

"అడిగితేగానీ చెప్పవా? కనపడుతోంది కదా నీకు!"

"అడగనిదే అమ్మైనా పెట్టదు."

ఈ ఒక్క సామెతా ఆయనకి నోటికి వచ్చు. ఇంకో సామెత నేర్చుకునే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. ఆవిడ ఇంకా ఏదైనా అంటే "మాటలు కోటలు దాటుతాయి" అని సగంలో ఆపేసి, స్కేలు చేతిలోకి తీసుకునేవాడు. మిగతా సగం, కాళ్లు గడప దాటవన్న ముక్క, ఆవిడకి తెలుసు కాబట్టి చెప్పే శ్రమ కూడా తప్పించుకునేవాడు. ఎంత పొదుపో చూడండి మహానుభావుడికి.

ఆవిడకి కావలసింది ఏమంత పెద్దది కాదు. అడక్కుండా ఒక్కసారి "మెట్టు" అనాలి. అంతే. అడిగి చెప్పించుకున్న మాట ఆవిడ లెక్కలో మాటే కాదు. అంగడిలో వస్తువుని అడుగుతాం, మనతో పాటు బరువు మోస్తున్న మనిషిని అడుగుతామా అని ఆవిడ వాదన. ఆయన వాదన ఏమిటో ఎవరికీ తెలియదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌కి అద్దం తీసుకెళ్లారు. తలుపు దాటగానే లోపలికి దిగుడు మెట్టు. ఆవిడకి కనపడదు. ఆయనకి కనపడుతుంది. ఆవిడ పాదం గాల్లో తేలింది, ఒళ్లు వెనక్కి వాలింది, అద్దం జారింది. ఈ పనిలో మొట్టమొదటి పాఠం ఒకటే: పడే అద్దాన్ని పట్టుకోకూడదు, వదిలేసి పక్కకి దూకాలి. పాఠం తెలిసీ ఆవిడ పట్టుకుంది. పట్టుకోదా మరి? రెండ్రోజులు కష్టపడి రుద్దిన అంచు. కుడి మణికట్టు దగ్గర నరం తెగింది.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని కట్టుతో బయటికి వస్తే ముత్యాలయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. ఆవిడ ఎదురు చూసింది. నొప్పిగా ఉందా అంటాడేమో, నాదే పొరపాటు అంటాడేమో, కనీసం పద అంటాడేమో.

"పడే అద్దాన్ని ఎవరైనా పట్టుకుంటారా?" అన్నాడు.

ఆ మాట ఆవిడ కడుపులో అలాగే ఉండిపోయింది, అరగలేదు. మర్నాడు ఆయన ఒక కొత్త చేతి తొడుగుల జత తెచ్చి బల్ల మీద పెట్టాడు. మందపాటివి, అరచేతి వైపు తోలు కుట్టినవి. ఏమీ అనలేదు. ఆవిడకి తల నుంచి పాదం దాకా మండింది. చెయ్యి తెగితే క్షమించమనడం పోయి, ఇదిగో ఇవి తొడుక్కుని మళ్లీ మొయ్యి అంటున్నాడు అనుకుంది. ఆయన ఏమనుకుని తెచ్చాడో ఆయనే చెప్పాలి, చెప్పడు. అప్పటినుంచి ఆవిడ "చెయ్యి లాగుతోంది" అన్నప్పుడల్లా ఓ జత వచ్చేది. బల్ల సొరుగులో పదకొండు జతలు పోగయ్యాయి.

ఈ మధ్య కుడిచేతి చివరి రెండు వేళ్లూ ముడుచుకోవడం మానేశాయి. గ్లాసు జారింది, దువ్వెన జారింది. డాక్టరు చూసి, "బరువులు ఎత్తడం ఆపండమ్మా. ఆపకపోతే ఈ చేతికి పట్టు మళ్లీ రాదు" అని తిన్నగా చెప్పింది. ఆ మాట అద్దాలావిడ మొగుడికి చెప్పిందా? చెప్పింది, తన పద్ధతిలో.

"పక్క వీధి దుకాణంలో మోయడానికి మనిషిని పెట్టుకున్నారట."

"ఊ."

"మన వయసుకి ఇంత పెద్ద పెద్ద అద్దాలు అవసరమంటావా?"

"గిరాకీ ఉంది."

"పొద్దున్నుంచీ ఈ చెయ్యి మొద్దుబారిపోతోంది."

మర్నాటికి పన్నెండో జత వచ్చింది.

అక్క దగ్గర ఏడ్చింది ఆవిడ. అక్క నాలుగు వీధుల అవతల ఉంటుంది, చొక్కాలకి గుండీలు కుట్టే పని. గుండీ కుడుతూనే వింది.

"డాక్టరు బరువు మోయొద్దంది, నేను మొయ్యను, మనిషిని చూడు అని అన్నావా?"

"ఇన్ని రకాలుగా చెప్పాను కదే అక్కా!"

"రకరకాలుగా చెప్పావు, అసలు ముక్క చెప్పలేదు. ఆయనకి పది డొంకతిరుగుడు మాటలకంటే ఒక తిన్నని మాట నయం."

"నాతో పాటు ఇరవై రెండేళ్లు అద్దం మోశాడు. నా చేతివేళ్లు ముడుచుకోవట్లేదని చూస్తే తెలీదా? నేను ఆయన కనుబొమ చూసి మెట్టు కనిపెట్టాలి, ఆయన నా చెయ్యి చూసి నొప్పి కనిపెట్టకూడదా?"

అక్క దారం కొరికి, "నువ్వూ తక్కువ దానివి కాదే, వసపిట్టా. అన్నీ వాగుతావు, కావలసిందొక్కటీ అడగవు" అంది. చిన్నప్పటి ముద్దుపేరు అది. ఆవిడకి ఆ రోజు ముద్దుగా వినపడలేదు. టీ తాగకుండానే వచ్చేసింది.

ఆ వారమే జిమ్ము పని తగిలింది. ఒకావిడ పాత భవనం పై అంతస్తులో జిమ్ము పెడుతోంది. ఒక గోడంతా నిలువుటద్దాలు, మొత్తం ఆరు, ఒక్కొక్కటి మనిషి కంటే ఎత్తు, నలభై అయిదు కిలోల చొప్పున. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు, పైన చిన్న వసారా, తర్వాత జిమ్ము తలుపు. కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడే అద్దాలావిడ ఆ తలుపు దగ్గర గడప చూసింది. నాలుగు వేళ్ల ఎత్తు, నేల రంగే. కొత్తవాడు కాలు తట్టుకోకుండా దాటలేడు. ఆ వేళ ముత్యాలయ్య కింద వ్యాను ఎక్కడ నిలపాలో చూసుకుంటున్నాడు, పైకి రానే లేదు.

మొదటి అద్దం తీసుకెళ్లిన రోజు, మెట్ల మొదట్లో ఆవిడ ఆగిపోయింది.

"ఇవాళ నువ్వు వెనక్కి నడువు. నేను ముందుకి నడుస్తాను."

ముత్యాలయ్య ఆవిడ వంక చూశాడు. "వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు."

"కారణం చెప్పు, ఊరుకుంటాను."

కారణం ఉంది. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆయన పెదవులు కదిలాయి కూడా. కానీ బయటికొచ్చినవి వేరే రెండు. "నీ ఇష్టం" అని పై వైపుకి వెళ్లి అద్దం అంచు పట్టుకున్నాడు.

మూడో మెట్టు ఎక్కేసరికి ఆవిడకి కారణం తెలిసిపోయింది. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింద ఉన్నవాళ్ల మీదకి వస్తుంది. పైన వెనక్కి నడిచేవాళ్లు అద్దాన్ని నడిపిస్తారు, కింద ముందుకి నడిచేవాళ్లు మోస్తారు. భుజం కిందకి లాగేసింది, కుడిచెయ్యి మణికట్టు దాకా మంటెత్తింది. అంటే ఇన్నేళ్లూ ఈ బరువు ఆయన మోశాడన్నమాట. ఆవిణ్ణి తేలిక వైపు పెట్టి, బరువు వైపు తను ఉన్నాడన్నమాట.

ఇక్కడ ఆవిడ మనసు కరిగిందని చెబితే వినసొంపుగానే ఉంటుంది. కరగలేదు. ఇంకా మండింది. చెప్పి చావొచ్చుగా! చెబితే నేనేమైనా కాదన్నానా? ఇరవై రెండేళ్లు మొగుడు నన్ను వెనక్కి తోసి తను దర్జాగా ముందుకి నడుస్తున్నాడని కుమిలిపోయానే, ఆ కుమిలిపోవడానికంతా ఒక్క మాట ఖర్చు పెడితే సరిపోయేదే! నా కోసం మోస్తూ, నాకు తెలియకుండా మోసే మోత ఎవడిక్కావాలి?

మలుపు తిరిగారు. రెండో వరుస మెట్లు. ఆయన మొహం మీద చెమట కారుతోంది. మడమతో ఒక్కో మెట్టూ తడుముతూ ఎక్కుతున్నాడు. ఆయన కళ్లు ఆవిడ కళ్లని వెతుకుతున్నాయి. ఆవిడకి ఆ చూపు బాగా తెలుసు, అది తన చూపే. ఆ అవతలి చివర నిలబడితే మనిషికి ఎంత భయమేస్తుందో ఇన్నేళ్లకి ఆయనకి తెలిసొచ్చింది.

వసారా వచ్చింది. చదునైన నేల. ఆయన వీపు వెనక ఆరు అడుగుల్లో తలుపు, తలుపు కింద గడప.

అడుగుతాడు, అనుకుంది ఆవిడ. అడిగితే చెబుతాను.

అయిదు. ఆయన పెదాలు తడి చేసుకున్నాడు. నాలుగు. ఇప్పుడు అడుగుతాడు. మూడు. నోటి చివరి దాకా వచ్చిన మాటని పళ్ల వెనక నొక్కిపట్టింది. అడగనిదే అమ్మైనా పెట్టదు. రెండు.

ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మడమ గడపకి కొట్టుకుంది. ఒళ్లు వెనక్కి తూలింది, అద్దం ఆయన వైపుకి వాలింది. ఆయన రెండు చేతులూ చాచాడు పట్టుకోవడానికి. ముప్పై ఏళ్లు ఈ పనిలో పండిన మనిషి, భార్యకి పాఠం చెప్పిన మనిషి, పడే అద్దాన్ని పట్టుకోబోయాడు.

"వదిలెయ్!" అని అరిచింది ఆవిడ.

వదిలేశాడు. పక్కకి దొర్లాడు. అద్దం గడప మీద పడి భళ్లుమని పగిలింది. జిమ్ము యజమానురాలు లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, ఇద్దరూ బతికే ఉన్నారని చూసుకుని, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. తెలివైన మనిషి.

ముత్యాలయ్య గాజుముక్కల మధ్య కూర్చునే ఉన్నాడు. మోచెయ్యి గీసుకుంది, అంతే. తల ఎత్తాడు.

"గడప ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పలేదేం?"

"అడగలేదుగా."

ఆయన మొహం పాలిపోయింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన వరసగా రెండో ప్రశ్న వేశాడు.

"కావాలనే చెప్పలేదా?"

"కావాలనే. పళ్ల డాక్టరు దగ్గర ఆ రోజు నువ్వు కావాలని చెయ్యలేదు, అది నాకు తెలుసు. నేనలా పడతానన్న ఆలోచనే నీకు రాలేదు. నాకు వచ్చింది. వచ్చినా ఊరుకున్నాను. అంత దాకా తెచ్చావు నన్ను."

"కింద వైపు బరువు ఎక్కువ" అన్నాడు ఆయన, ఎవరో తరుముతున్నట్టు గబగబా. "అందుకే నేను... మొదటినుంచీ..."

"ఇప్పుడా చెప్పేది? అద్దం పగిలాకా? చెయ్యి పోయాకా?" ఆవిడ కుడిచేతి తొడుగు లాగి పారేసి, వేళ్లు ఆయన మొహం ముందు పెట్టింది. "ముడుచుకోవట్లేదు, చూడు. డాక్టరు బరువు మోయొద్దంది, మోస్తే ఈ చెయ్యి మరి పనికిరాదంది. ఇవాళ్టితో సరి. నేను మొయ్యను. మనిషిని చూసుకో."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

ఆ మాట ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆవిడకి నవ్వొచ్చింది, కానీ మంచి నవ్వు కాదు. చీపురు అడిగి తెచ్చి ఒక్కతే ముక్కలన్నీ ఊడ్చింది. ఆయన సాయం రాబోతే "లే అవతలికి" అంది.

నాలుగు రోజులు ఇంట్లో నిప్పులేని పొగ. ఆయన మాట్లాడకపోవడం మామూలే. ఆవిడ మాట్లాడకపోవడంతో ఇల్లు గుయ్యిమంది. ఆయన రెండుసార్లు ఆవిడ చెయ్యి వంక చూశాడు. పదమూడో జత మాత్రం తేలేదు, దానికి సంతోషించాలి.

అయిదో రోజు మనిషి కుదిరాడు. సామాన్లు మోసి మోసి భుజాలు గట్టిపడ్డ పెద్దమనిషి, బుంగమీసాలు. పగిలినదాని బదులు కోసిన కొత్త అద్దాన్ని ఇద్దరూ ఎత్తారు. దుకాణం ముందు రెండు మెట్లు దిగితే వీధిలో వ్యాను. మీసాలాయన వెనక్కి, ముత్యాలయ్య ముందుకి. అద్దాలావిడ వెనక గదిలో ఎడమచేత్తో అంచు రుద్దుకుంటోంది. తలుపు తెరిచే ఉంది.

"మెట్టు" అని వినపడింది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోటి... ఆ, నేల. కుడివైపు సైకిలుంది, కాస్త ఎడమకి రా అన్నా. మెల్లిగా. ఇంకో రెండడుగులు. వెనకే వ్యాను తలుపు. చాలు, దించు."

స్పష్టంగా, ముందుగా, అడక్కుండా. ముక్కూమొహం తెలియని మనిషికి, మొదటి రోజు, మొదటి అద్దానికి. ఆ రెండు మెట్లే! ఆవిడ కొన్ని వేలసార్లు గాల్లో కాలు పెట్టి వెతుక్కున్న ఆ రెండు మెట్లే!

అద్దం ఎక్కించి ముత్యాలయ్య లోపలికి వచ్చాడు. కూజాలో నీళ్లు గ్లాసులోకి వంచుకుని తాగాడు. వెళ్లకుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మొహం కొంచెం వెలుగుతోంది, మొట్టమొదటిసారి పాఠం అప్పజెప్పిన బళ్లోపిల్లాడిలా.

"విన్నావా?" అన్నాడు. "చెబుతున్నాను ఇప్పుడు."

"విన్నాను."

"మరి?"

ఆవిడ రాయి బల్ల మీద పెట్టింది. తల ఎత్తి, ఆయన కనుబొమల కేసి కాదు, తిన్నగా కళ్లలోకి చూసింది.

"నీకు ఆ మాటలు రావేమోననుకున్నానయ్యా" అంది. "ఏం చేస్తాం, కొందరికి నోరు తిరగదు అని ఇరవై రెండేళ్లు సరిపెట్టుకున్నాను. వచ్చన్నమాట."

ఆయన మొహంలో వెలుగు పోయింది. ఏదో అనబోయాడు. బయటినుంచి మీసాలాయన "రా బాబూ, ఎండెక్కుతోంది" అని కేకేశాడు. ముత్యాలయ్య గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు. ఆవిడ రాయి మళ్లీ తడుపుకుని, ఎడమచేత్తో మిగతా అంచు రుద్దడం మొదలుపెట్టింది.